పాతకాలపు ఎలక్ట్రిక్ బేస్ గిటార్

1951 నుంచి 1980ల తొలినాళ్ల వరకు తయారై, ఇప్పటికీ వాయించడానికి పనికొచ్చే విద్యుత్ బేస్ గిటార్లను వాద్యకారులు 'వింటేజ్ బేస్' అంటారు. ఈ హద్దు ఎవరో గీసిన గీత కాదు. ఏళ్లు గడిచేకొద్దీ ముందుకు జరుగుతూనే ఉంది. ఒకప్పుడు సెకండ్ హ్యాండ్ సరుకుగా అమ్ముడుపోయిన 1970ల వాద్యాలు ఇప్పుడు అద్దాల బీరువాల్లోకి చేరాయి. వాటి మీద మోజులో నిజమైన కారణాలు ఉన్నాయి, కేవలం పేరు వల్ల పుట్టినవీ ఉన్నాయి. ఇబ్బందులు మాత్రం చాలావరకు నిజమైనవే. సినిమా పాట, పెళ్లి ఆర్కెస్ట్రా, చర్చి గాయక బృందం ద్వారా బేస్ నాదానికి చెవి అలవాటు పడిన తెలుగు నేల మీద, ముఖ్యంగా వేసవిలో నిప్పులు చెరిగే అవుకు, నంద్యాల, ఆళ్లగడ్డ వంటి చోట్ల, ఆ ఇబ్బందులు ఇంకా పెరుగుతాయి. అందుకే ఈ వ్యాసంలో వాతావరణానికి, కరెంటుకు ఎక్కువ చోటు దక్కింది.

పుట్టుక

బేస్ గిటార్‌కు ముందు ఆ పని చేసినది డబుల్ బేస్. మనిషి ఎత్తు మించిన పెట్టె, నిలబడి వాయించాలి, బస్సులో పట్టదు, డ్రమ్స్ పక్కన దాని గొంతు వినపడదు. 1930ల నడిమి కాలంలోనే అమెరికాలోని సియాటిల్ నగరవాసి పాల్ టట్‌మార్క్, మెట్లు (ఫ్రెట్‌లు) బిగించిన చిన్న విద్యుత్ బేస్ ఒకటి తయారుచేసి 'ఆడియోవాక్స్' పేరుతో అమ్మాడు. అది జనంలోకి పోలేదు. కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో రేడియో మరమ్మతుల దుకాణంతో మొదలై గిటార్ల తయారీకి వచ్చిన లియో ఫెండర్ 1951లో ప్రిసిషన్ బేస్ విడుదల చేశాకే అసలు కథ మొదలైంది. మెడ నుంచి వేలాడదీసుకోవచ్చు, మెట్టు మీద వేలు పెడితే శ్రుతి తప్పదు, మీటితే యాంప్లిఫయర్‌లోంచి హాలంతా నిండుతుంది. తీగ పొడవు 34 అంగుళాలు. ఏడు దశాబ్దాలు దాటినా బేస్ గిటార్లకు ఇప్పటికీ అదే కొలత చెలామణిలో ఉంది.

మొదటి ప్రిసిషన్ పలకలా చదునుగా, అంచులు పదునుగా ఉండేది. 1954లో ఛాతీకి, మోచేతికి ఒరుసుకోకుండా అంచులు చెక్కారు. 1957లో తీగ కంపనాన్ని పట్టుకునే పికప్‌ను రెండు ముక్కలు చేసి, ఒకదాని హమ్‌ను, అంటే కరెంటు రొదను, ఇంకొకటి రద్దు చేసుకునేలా అమర్చారు. మనం ఇవాళ చూసే ప్రిసిషన్ రూపం అప్పటిదే. 1960లో సన్నని నెక్, రెండు పికప్‌లతో జాజ్ బేస్ వచ్చింది. ఇదే కాలంలో గిబ్సన్ 1953లో ఈబీ-1ను, 1963లో థండర్‌బర్డ్‌ను తెచ్చింది. రికెన్‌బ్యాకర్ 1957లో 4000ను, 1961లో 4001ను తెచ్చింది. జర్మనీలో హాఫ్‌నర్ సంస్థ 1956 నాటికి వయొలిన్ ఆకారంలో, లోపల డొల్లగా ఉండే 500/1ను తయారుచేసింది. బ్రిటిష్ బేస్ వాద్యకారుడు పాల్ మెకార్ట్నీ 1961లో హాంబర్గ్‌లో కొన్నది అదే. ఆయన తొలి హాఫ్‌నర్ 1972లో దొంగతనానికి గురై, యాభై ఏళ్లు గడిచాక దొరికింది. ఆ సంగతి 2024 ఫిబ్రవరిలో ప్రపంచానికి తెలిసింది. 1976లో లియో ఫెండరే రూపకల్పనలో పాలుపంచుకున్న మ్యూజిక్ మ్యాన్ స్టింగ్‌రే వచ్చింది. లోపల బ్యాటరీతో నడిచే సర్క్యూట్ పెట్టుకుని విరివిగా అమ్ముడైన తొలితరం బేస్‌లలో అదొకటి.

1965 జనవరిలో లియో ఫెండర్ తన సంస్థను అమెరికా ప్రసార సంస్థ సీబీఎస్‌కు సుమారు 1 కోటి 30 లక్షల డాలర్లకు అమ్మేశాడు. పాత వాద్యాల సంతలో ఈ తేదీకి ఉన్నంత విలువ మరే తేదీకీ లేదు. 'ప్రీ-సీబీఎస్' అన్న మాట ఒక్కటి చేరితే ధర ఎగబాకుతుంది. ఆ విభజనలో కొంత న్యాయం ఉంది. 1970లలో బరువైన యాష్ చెక్క వాడకం పెరిగింది, నెక్‌ను బాడీకి నాలుగు మరలకు బదులు మూడింటితో బిగించడం జాజ్ బేస్‌లో మొదలైంది, నెక్‌కూ దాని గాడికీ నడుమ సందులు కనిపించడం ఎక్కువైంది. అయితే 1965 డిసెంబరులో తయారైన బేస్ 1964 డిసెంబరు బేస్ కన్నా తక్కువదనడానికి ఆధారం లేదు. చాలావరకు అవే చేతులు, అవే యంత్రాలు. ఒక సంస్థ చేతులు మారిన తేదీని చెక్క నాణ్యతకు గీటురాయిగా పెట్టుకోవడం కొనేవాడికి నష్టమే తప్ప లాభం కాదు.

నాదం ఎక్కడి నుంచి వస్తుంది

పాత బేస్‌ను ప్రేమించేవారు మొదట చెప్పేది దాని నాదం గురించి. ఆ మాట అబద్ధం కాదు. కాని దాన్ని విడదీసి చూడాలి.

మొదట తీగలు. 1960ల నడిమి వరకు బేస్‌లకు చదునైన లోహపు పట్టీ చుట్టిన తీగలే కట్టేవారు. వీటిని 'ఫ్లాట్‌వౌండ్' అంటారు. వేలు జారినా కీచుమనవు, పై స్వరాంశాలు తక్కువ, మూలనాదం గుండ్రంగా పలుకుతుంది. గుండ్రని తీగ చుట్టిన 'రౌండ్‌వౌండ్' తీగలు 1960ల రెండో సగంలో ఇంగ్లండ్ నుంచి వ్యాపించాక లోహపు మెరుపు వచ్చింది. డెట్రాయిట్‌లో మోటౌన్ సంస్థ పాటలకు బేస్ వాయించిన జేమ్స్ జేమర్సన్ 1962 నాటి ప్రిసిషన్‌పై ఫ్లాట్‌వౌండ్ తీగలు కట్టి, తెగితే తప్ప మార్చేవాడు కాదు. కుడిచేతి చూపుడువేలు ఒక్కదానితో మీటేవాడు. ఇక రెండోది, తీగల అడుగు కొసలను పట్టి ఉంచే బ్రిడ్జి పైన ఉండే లోహపు కప్పు కింద ఫెండర్ అంటించిన స్పాంజి ముక్క. అది తీగ చివరను ఒత్తి పట్టి, స్వరం సాగిపోకుండా కుదిస్తుంది. లాస్ ఏంజెలెస్ స్టూడియోల్లో పేరుమోసిన కేరోల్ కే ప్లెక్ట్రమ్‌తో మీటుతూ, తీగల మీద మందపాటి గుడ్డను ఆనించి ఇదే పని చేయించేది. 1960ల పాటల్లో మనకు నచ్చే 'థమ్' అన్న పొట్టి, నిండు నాదంలో పెద్ద వాటా తీగలది, స్పాంజిది, వేలిది. ఇవాళ కొన్న కొత్త బేస్‌కు ఫ్లాట్‌వౌండ్ తీగలు కట్టి, బ్రిడ్జి దగ్గర స్పాంజి దూరిస్తే ఆ వాటా చాలావరకు దొరుకుతుంది. పాత బేస్ కోసం అప్పు చేయాలనుకునే ప్రతి కుర్రవాడూ ముందు ఈ పని చేసి చూడాలి.

మూడోది పికప్. సుమారు వెంట్రుక మందాన రాగి తీగను అల్నికో అయస్కాంతాల చుట్టూ వేల చుట్లు చుడతారు. ఫెండర్ ఫ్యాక్టరీలో ఆ రోజుల్లో తీగను చేత్తో నడిపిస్తూ చుట్టేవారు కాబట్టి చుట్లు సమంగా పడేవి కావు. ఒక్కో పికప్‌లో చుట్ల సంఖ్యా బిగువూ కొద్దిగా మారేవి, దానితో పాటు గొంతూ మారేది. 1956లో ఆ ఫ్యాక్టరీలో చేరి 2013 దాకా పనిచేసిన అబిగేల్ ఇబారా చేతి పికప్‌లను ఇవాళ పేరు చెప్పి మరీ వెతుక్కుంటారు. 1950ల నెక్‌ల మీద 'టీజీ' అన్న రెండక్షరాలు కనిపిస్తే, నెక్‌లు చెక్కిన టేడియో గోమెజ్ పనిగా గుర్తుపట్టి సంతోషిస్తారు. ఫ్యాక్టరీ సరుకులో మనిషి చేతి జాడ మిగిలి ఉండటమే పాత బేస్‌ల అసలైన ఆకర్షణ అని నా అభిప్రాయం. అదే వాటి బలహీనత కూడా. ఒకే నెలలో తయారైన రెండు బేస్‌లలో ఒకటి అద్భుతంగా పలికి, ఇంకొకటి మూగగా ఉండటం మామూలే. సంవత్సరం చూసి కొన్నవాడికి ఏది వస్తుందో చెప్పలేం.

నాలుగోది చెక్క. ఎండి ఎండి తేలికపడిన ఆల్డర్, యాష్ పలకలు బాగా మోగుతాయని వాద్యకారుల నమ్మకం. విద్యుత్ గిటార్‌లో చెక్క వంతు ఎంత అన్నదానిపై ధ్వనిశాస్త్రవేత్తల్లో ఏకాభిప్రాయం లేదు. అయితే నెక్ బిగువు మాత్రం చెవికి తెలుస్తుంది. నెక్ సహజ కంపనమూ తీగ కంపనమూ ఒకచోట కలిస్తే తీగలోని శక్తిని నెక్ మింగేస్తుంది, స్వరం వెంటనే చచ్చిపోతుంది. సన్నని తీగపై అయిదు నుంచి ఏడో మెట్టు మధ్య ఈ 'డెడ్ స్పాట్' ఫెండర్ తరహా బేస్‌లలో తరచూ కనిపిస్తుంది. ఎంత పాతదైనా, ఎంత ఖరీదు పెట్టినా ఇది తప్పదు.

ఇక చేతికి తెలిసే గుణం ఒకటుంది. దశాబ్దాల పాటు వేళ్లు రాసుకుని నెక్ వెనక వార్నిష్ అరిగి చెక్క నునుపు తేలుతుంది, ఫింగర్‌బోర్డు అంచులు గుండ్రబడతాయి. కొత్త బేస్‌లను కావాలని గీకి, అరగదీసి అమ్మే 'రెలిక్' రకాలు ఈ స్పర్శ కోసం పుట్టినవే. వాటిలో చూపు దక్కుతుంది కాని ఆ నునుపు అరుదుగా దక్కుతుంది.

తెలుగు పాటలో బేస్

మద్రాసు స్టూడియోల్లో తెలుగు పాట తయారైన కాలంలో, 1950లలో ఆర్కెస్ట్రా అడుగు స్వరాన్ని డబుల్ బేస్ మోసేది. తర్వాత విద్యుత్ బేస్ వచ్చి చేరినా చాలాకాలం దాని పని తాళానికి దన్నుగా నిలబడటమే. ఆ బేస్‌కు సొంత గొంతు ఇచ్చినవాడు ఇళయరాజా. స్వయంగా గిటార్ వాద్యకారుడైన ఆయన బేస్‌కు పల్లవి కింద నడిచే మరో పాటను రాశాడు. 'సాగర సంగమం' (1983), 'అన్వేషణ' (1985), 'గీతాంజలి' (1989) పాటలను మంచి స్పీకర్ల మీద బేస్ వంతును మాత్రమే పట్టుకుని వింటే, ఆ వరుసలు గాయకుడి స్వరానికి జవాబిస్తూ, కొన్నిసార్లు ఎదురు తిరుగుతూ సాగడం తెలుస్తుంది. ఆయన బృందంలో ఏళ్ల తరబడి బేస్ వాయించిన శశిధరన్ పేరు తెలుగు శ్రోతల్లో తక్కువమందికి తెలుసు. కాని ఆయన వాయించిన వరుసలు నోటితో అనగలిగేవారు చాలామంది ఉన్నారు. 1990లలో ఏ.ఆర్. రెహమాన్ పాటలకు బేస్ వాయించిన కీత్ పీటర్స్ మరో పెద్ద పేరు.

బేస్‌లో లావు తీగ విడిగా మోగితే సెకనుకు దాదాపు 41 కంపనాలు. ఆ రోజుల రేడియో, టీవీల చిన్న స్పీకర్లు ఆ మూలనాదాన్ని పలికించలేవు. వాటిలో మనం విన్నది ఆ నాదం పైన పుట్టే స్వరాంశాలను. వాటి ఆధారంగా చెవి అసలు స్వరాన్ని ఊహించుకుంటుంది. పికప్ మధ్యస్థాయిని ఎంత స్పష్టంగా పట్టుకుంటే చిన్న స్పీకర్‌లో బేస్ అంత తెలుస్తుంది. ప్రిసిషన్, జాజ్ బేస్‌ల ఖ్యాతికి ఇదొక కారణం. మిక్సింగ్‌లో పెద్దగా సవరించకుండానే వాటి గొంతు ఇరవై, ముప్పై వయొలిన్ల మధ్య చోటు చూసుకుంటుంది.

1991 ఆర్థిక సరళీకరణకు ముందు విదేశీ వాద్యం తెప్పించుకోవడం మన దేశంలో కష్టసాధ్యమైన పని. విదేశీ మారకంపై ఆంక్షలు, పైన దిగుమతి సుంకం. విదేశాలకు వెళ్లొచ్చే బంధువు చేతో, ఓడ మీద పనిచేసే పరిచయస్థుడి చేతో ఒక బేస్ వస్తే అది చాలా చేతులు మారేది. మిగిలినవారికి కలకత్తాలో తయారైన గిటార్లే దిక్కు. మద్రాసు మౌంట్ రోడ్డులో 1842 నుంచి ఉన్న మ్యూజీ మ్యూజికల్ లాంటి దుకాణాలు పెద్ద ఊళ్ల వారికి ఆసరా. అందుకే అమెరికా, ఐరోపాల్లో ఇంటి అటకల మీద దొరికినట్టుగా 1960ల బేస్‌లు మన దగ్గర దొరకవు. 1980ల చివరి నుంచి కీబోర్డు మీదే బేస్ వాయించే పద్ధతి బాగా పెరిగాక, అప్పటికే ఉన్న కొద్దిపాటి బేస్‌లు మూలబడ్డాయి. ఇవాళ నంద్యాల ప్రాంతంలో బేస్ గిటార్ ఎక్కువగా చర్చి సంగీత బృందాల్లో, పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాల్లో కనిపిస్తుంది. అవి దాదాపు అన్నీ కొత్తవే. కాబట్టి ఇక్కడ పాత బేస్ కావాలనుకున్నవాడు దాదాపు తప్పనిసరిగా బయటి దేశం నుంచి తెప్పించుకోవలసినవాడే.

ఎండ, వాన, నెక్

ఎర్రమల, నల్లమల కొండల నడుమ కుందూ నది లోయలో ఉంది నంద్యాల. ఆ లోయకు పడమటి అంచున అవుకు, తూర్పు వైపు నల్లమలకు దగ్గరగా ఆళ్లగడ్డ. మే నెలలో ఇక్కడ 43, 44 డిగ్రీలు దాటడం మామూలు. గాలిలో తేమ బాగా పడిపోతుంది. జూన్ దాటి వానలు పట్టాక అదే గాలి చెమ్మగిల్లుతుంది. చెక్క వాద్యానికి వేడి కన్నా ఈ తేమ మార్పే ఎక్కువ కీడు చేస్తుంది. ఎండాకాలంలో ఫింగర్‌బోర్డు కుంచించుకుపోయి మెట్ల కొసలు బయటికి పొడుచుకొస్తాయి, వేలు కోసుకుంటుంది. వానాకాలంలో చెక్క ఉబ్బి నెక్ ముందుకు వంగుతుంది, తీగలు ఎత్తుగా లేస్తాయి.

ఏ బేస్‌కైనా ఈ బాధ ఉంటుంది. నెక్ లోపల ఉండే ఉక్కు కడ్డీని, అంటే ట్రస్ రాడ్‌ను, పావు చుట్టు తిప్పి సరిచేసుకుంటారు. కొత్త బేస్‌లలో చాలావాటికి ఆ కడ్డీ తల నెక్ పైకొస దగ్గరే ఉంటుంది, కీ పెట్టి తిప్పితే నిమిషంలో పని అయిపోతుంది. పాత ఫెండర్లలో అది నెక్ అడుగున, బాడీలో దాగి ఉంటుంది. తిప్పాలంటే తీగలు వదులు చేయాలి, నెక్ విప్పాలి, అంచనాగా తిప్పాలి, మళ్లీ బిగించాలి, తీగలు శ్రుతి చేసి చూడాలి, సరిపోకపోతే మొదటి నుంచి మొదలు. సమశీతోష్ణ దేశంలో ఎప్పుడో ఒకసారి చేసే ఈ పని అవుకులో కనీసం ఏడాదికి రెండుసార్లు తప్పదు. ప్రతిసారీ మరలు విప్పి బిగిస్తే అరవై ఏళ్ల చెక్కలో రంధ్రాలు వదులవుతాయి. తుప్పుపట్టిన కడ్డీని బలవంతాన తిప్పితే లోపలే తెగిపోతుంది. అప్పుడు ఫింగర్‌బోర్డు ఊడదీసి కొత్త కడ్డీ వేయాలి. ఆ పని చేతనైనవారు మన రాష్ట్రంలో వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది.

జిగురు అతుకు ఉన్న వాద్యాలకు ఎండ మరీ ప్రమాదం. హాఫ్‌నర్ బేస్‌లలో, చాలా గిబ్సన్ బేస్‌లలో నెక్‌ను బాడీకి మరలతో కాక జిగురుతో అతికిస్తారు. పాత జిగురు వేడికి మెత్తబడుతుంది. మే నెల మధ్యాహ్నం తలుపులు మూసిన కారు డిక్కీలో ఒక్క పూట ఉంచినా నెక్ తన చోటు నుంచి కదిలిపోవచ్చు. గిబ్సన్ థండర్‌బర్డ్‌కు ఇంకో పేరుంది: వెనక్కి వాలిన దాని తల, నిలబెట్టిన చోటు నుంచి ఒరిగి పడితే, మెడ దగ్గర విరుగుతుంది. సంతలో కనిపించే పాత థండర్‌బర్డ్‌లలో తల అతికించినవి ఎక్కువ.

పైపూత సంగతి చెప్పాలి. 1960ల చివరి దాకా ఫెండర్లకు వేసిన నైట్రోసెల్యులోజ్ లక్క ఏళ్లకొద్దీ పసుపుబారి అందం తెచ్చుకుంటుంది. ఏసీ గదిలోంచి ఒక్కసారిగా ఎండలోకి తెస్తే సన్నని పగుళ్లు పడతాయి. ఆ పగుళ్లనూ సేకర్తలు ఇష్టపడతారు. రబ్బరు స్టాండుకు ఆనిస్తే ఆ లక్క కరిగి అంటుకుపోతుందన్నది మాత్రం ఎవరికీ ఇష్టం లేని నిజం. తాబేటి చిప్ప రంగులో ఉండే పాత సెల్యులాయిడ్ పిక్‌గార్డు పలకలు వేడికి కుంచించుకుని, అంచులు లేచి, మరల దగ్గర చీలుతాయి. వాటి నుంచి వెలువడే ఆవిరి పక్కనున్న లోహాన్ని తుప్పు పట్టిస్తుంది.

మామూలు జాగ్రత్తలే కాపాడతాయి. వాద్యాన్ని గట్టి పెట్టెలో ఉంచి, గదిలో గోడకు ఎండ తగలని వైపు పెట్టాలి. వానాకాలంలో సిలికా జెల్ పొట్లాలు, వేసవిలో రంధ్రాల డబ్బాలో తడిపిన స్పాంజి పెట్టెలో ఉంచాలి. చవకగా దొరికే తేమ కొలమానాన్ని పెట్టెలో పడేసి, అది 45 నుంచి 55 శాతం మధ్య నిలిచేలా చూసుకుంటే సగం మరమ్మతులు తప్పుతాయి.

కరెంటు

పాత జాజ్ బేస్‌లో పికప్ ఒక్కదాన్నే వాడితే హమ్ వస్తుంది. రెండింటినీ సమంగా తెరిస్తే తగ్గుతుంది. అమెరికాలోని స్టూడియోలో అది సర్దుకుపోయే విషయమే. వినాయక చవితి పందిట్లో, పక్కన జనరేటరు, తల మీద సీరియల్ సెట్లు, డిమ్మర్ మీద నడిచే రంగుల లైట్లు ఉన్నప్పుడు ఆ హమ్ పాటను మింగేస్తుంది. లోపలి గూడుకు రాగిరేకు అంటిస్తే చాలావరకు పోతుంది కాని, సేకర్తల దృష్టిలో అది 'మార్పు', ధర తగ్గిపోతుంది.

ఇంతకన్నా తీవ్రమైనది షాక్. బేస్ తీగలు బ్రిడ్జి ద్వారా యాంప్లిఫయర్ ఎర్త్‌కు కలిసి ఉంటాయి. ఎర్త్ సరిగా లేని చోట ఒక చేయి తీగ మీద, పెదవి మైకు మీద ఉంటే వాద్యకారుడి ఒళ్లే తీగ అవుతుంది. 1972లో బ్రిటన్‌లోని స్వాన్సీలో స్టోన్ ద క్రోస్ బృందం గిటార్ వాద్యకారుడు లెస్లీ హార్వీ వేదిక మీదే ఇలా చనిపోయాడు. పాత బేస్‌తో పాటు పాత అమెరికన్ యాంప్లిఫయర్ కూడా తెచ్చుకున్నవారు రెండింతలు జాగ్రత్త పడాలి. అది 120 వోల్టులకు తయారైంది, మన దగ్గర 230. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి. పైగా 1960ల యాంప్‌లలో చాలావాటికి రెండు పిన్నుల ప్లగ్గే ఉంటుంది. లోపల కరెంటు తీగకూ ఇనుప చట్రానికీ మధ్య ఒక కెపాసిటర్ ఉంటుంది, అది చెడితే చట్రం మొత్తం కరెంటు పట్టుకుంటుంది. దాన్ని తీసేసి మూడు పిన్నుల తీగ వేయించనిదే ఆ యాంప్‌ను ఒక్క పాటకైనా వాడకూడదు. ఇక్కడ అసలు రూపం కాపాడాలన్న మాటకు తావు లేదు.

ఎన్ని భాగాలు అసలువి

పాత బేస్‌ల ధర నాదాన్ని బట్టి కాదు, మార్పుల్లేకపోవడాన్ని బట్టి పలుకుతుంది. 1960ల తొలినాళ్ల జాజ్ బేస్ అన్ని అసలు భాగాలతో ఉంటే పదివేల డాలర్లు దాటడం మామూలు. అదే బేస్‌కు రంగు మార్చి ఉంటే ధర దాదాపు సగానికి పడిపోతుందని వ్యాపారులు లెక్కగడతారు. దీని వల్ల ఒక విచారకరమైన పరిస్థితి ఏర్పడింది. తక్కువ వాయించిన బేస్‌కు ఎక్కువ ధర. మంచి గొంతు ఉండటం వల్ల రోజూ కచేరీకి వెళ్లి, మెట్లు అరిగి మార్చిన, కీలు మార్చిన, పికప్ మళ్లీ చుట్టించిన బేస్‌కు తక్కువ ధర. అమెరికన్ బేస్ వాద్యకారుడు జాకో పాస్టోరియస్ తన 1962 జాజ్ బేస్ మెట్లు ఊడదీసి, గాళ్లు పూడ్చి, పడవలకు వేసే ఎపాక్సీ పూసి వాయించాడు. సేకర్తల కొలమానంతో చూస్తే అది పాడుచేసిన వాద్యం. బేస్ చరిత్రలో అంతకన్నా ప్రభావం చూపిన వాద్యం వెతికితే దొరకదు. 1986లో న్యూయార్క్‌లో అపహరణకు గురై ఇరవై ఏళ్ల తర్వాత బయటపడిన ఆ బేస్, మెటాలికా బేస్ వాద్యకారుడు రాబర్ట్ ట్రుహియో ఆర్థిక సాయంతో పాస్టోరియస్ కుటుంబానికి చేరింది.

నకిలీలు ఎక్కువ కాబట్టి వయసు నిర్ధారణ ఒక విద్యగా ఎదిగింది. 1950లు, 60ల ఫెండర్లలో వరుస సంఖ్య బ్రిడ్జి లేదా వెనక ఉక్కుపలక మీద ఉంటుంది. పలక మార్చేస్తే సంఖ్యా మారిపోతుంది గనక దాన్ని ఒంటరి సాక్ష్యంగా నమ్మరు. నెక్ అడుగున పెన్సిల్‌తో రాసిన లేదా ముద్రవేసిన తేదీ దానికన్నా నమ్మదగినది. వాల్యూమ్ నాబ్ కింద ఉండే పొటెన్షియోమీటరు వీపు మీద అచ్చువేసిన అంకెలు ఇంకో ఆధారం. ఉదాహరణకు 1376615 అని ఉంటే, 137 అంటే సీటీఎస్ సంస్థ తయారీ, 66 సంవత్సరం, 15 ఆ ఏడాదిలో పదిహేనో వారం. ఆ భాగం 1966 ఏప్రిల్‌కు ముందు బిగించినది కాదని తెలుస్తుంది. ఫ్యాక్టరీలో పాత నిల్వ వాడి ఉండొచ్చు కాబట్టి వాద్యం అంతకన్నా తర్వాతిదీ కావొచ్చు. సోల్డర్ చెదరకుండా ఉందా, మరల రంధ్రాలు అదనంగా ఉన్నాయా, పికప్ కింద చెక్క రంగు పైన రంగుతో కలుస్తుందా, ఇవన్నీ కలిపి చూస్తేనే నమ్మకం కుదురుతుంది.

ఇరుగుడు చెక్క, చట్టాలు

1959 నుంచి ఫెండర్ తన బేస్‌ల ఫింగర్‌బోర్డుకు బ్రెజిల్ రోజ్‌వుడ్ వాడింది. 1960ల నడిమి నుంచి దాని స్థానంలో భారతీయ రోజ్‌వుడ్ వచ్చింది. మన భాషలో అది ఇరుగుడు, జిట్రేగి. ఆళ్లగడ్డ పక్కనున్న నల్లమల అడవుల్లోనూ ఆ జాతి చెట్లు ఉన్నాయి. బ్రెజిల్ రోజ్‌వుడ్‌ను 1992లో అంతరించే జాతుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందం మొదటి అనుబంధంలో చేర్చారు. అందువల్ల ఆ చెక్క ఉన్న బేస్‌ను అమ్మకం కోసం దేశం దాటించాలంటే అనుమతి పత్రాలు కావాలి. 2017 జనవరిలో ఇరుగుడుతో సహా ఆ ప్రజాతి అంతటినీ రెండో అనుబంధంలో చేర్చడంతో మామూలు గిటార్ల రవాణా కూడా చిక్కుల్లో పడింది. 2019 చివర్లో తయారైపోయిన వాద్యాలకు ఆ నిబంధన నుంచి మినహాయింపు దొరికింది, బ్రెజిల్ రకానికి మాత్రం దొరకలేదు. కాబట్టి ఆంధ్రలో కూర్చుని 1962 జాజ్ బేస్ తెప్పించుకోవాలనుకునేవారు వాద్యం ధరతో పాటు పత్రాలు, సుంకం, పత్రాలు లేకపోతే జప్తయ్యే అవకాశం అన్నీ లెక్కవేసుకోవాలి.

మధ్యేమార్గాలు

వాయించడానికే కొనేవారికి రెండు దారులున్నాయి. ఒకటి, 'ప్లేయర్ గ్రేడ్' అని పిలిచేవి. రంగు మార్చినవి, మెట్లు కొత్తగా వేయించినవి, పికప్ తిరిగి చుట్టించినవి. బీరువాలో పెట్టేవాడు ముట్టుకోడు గనక ధర దిగుతుంది, వాయించేవాడికి కావలసినదంతా ఉంటుంది. రెండోది జపాన్ బేస్‌లు. 1970లలో అక్కడ ఐబానెజ్, గ్రెకో, టోకాయ్ పేర్లతో అమెరికన్ బేస్‌లను అచ్చుగుద్దినట్టు తయారుచేశారు. 1977లో గిబ్సన్ యాజమాన్య సంస్థ నార్లిన్ ఈ నకళ్ల మీద కోర్టుకెక్కింది. 1982లో ఫెండరే జపాన్‌లో తయారీ మొదలుపెట్టింది. ఆ మొదటి ఏళ్లలో వచ్చిన 'జేవీ' వరుస సంఖ్యల బేస్‌లు 1950లు, 60ల నమూనాలను అదే కాలపు అమెరికన్ తయారీ కన్నా శ్రద్ధగా అనుసరించాయి. నలభై ఏళ్లు దాటిన ఈ బేస్‌లకు 'వింటేజ్' పేరు న్యాయంగానే వచ్చింది. బ్రెజిల్ చెక్క బెడద కూడా వీటికి ఉండదు.

ఏది కొన్నా మొదట చూడవలసినది నెక్. తీగలు పూర్తి శ్రుతిలో ఉండగా లావు తీగను మొదటి మెట్టు మీదా, చివరి మెట్టు మీదా ఒకేసారి నొక్కి, ఏడో మెట్టు దగ్గర తీగకూ మెట్టుకూ మధ్య విజిటింగ్ కార్డు మందం సందు ఉందో లేదో చూడాలి. ఉంటే నెక్ ఆరోగ్యంగా ఉన్నట్టు. ఎక్కువ ఉంటే ట్రస్ రాడ్ ఇంకా తిరుగుతుందా అని అడగాలి, తిప్పించి చూడాలి. రెండు తీగలకు కలిపి ఒకే ఆధారం ఉన్న 1957కు ముందరి ప్రిసిషన్ బ్రిడ్జి అయితే పై మెట్లలో శ్రుతి కొద్దిగా తేడా వస్తుందని ముందే తెలిసి ఉండాలి, దాన్ని ఎవరూ పూర్తిగా సరిచేయలేరు. తర్వాత ప్రతి తీగనూ ప్రతి మెట్టు మీదా నొక్కి మీటి, ఎక్కడ స్వరం చస్తుందో వినాలి. బరువు తూచాలి. 1970ల యాష్ బేస్‌లు అయిదు కిలోల దాకా తూగుతాయి, మూడు గంటల ఆర్కెస్ట్రాలో భుజం నిలవదు. ఎండాకాలంలో కొంటే వానాకాలంలో, వానాకాలంలో కొంటే ఎండాకాలంలో నెక్‌ను మళ్లీ ఒకసారి చూపించాలి. అప్పటిదాకా మెట్లకు ఏ పనీ చేయించకపోవడం మేలు. తేమ మారగానే నెక్ తన వంపు మార్చుకుంటుంది, అరగదీసిన మెట్లు తిరిగి రావు.